రొయ్యల గుంట గట్టు మీద ఎస్‌డీసీసీ: ఏడేళ్ల వాడకం తర్వాత

నెల్లూరులో నాదొక చిన్న ఎలక్ట్రానిక్స్ షాపు. పగలంతా స్టార్టర్లు, టైమర్లు, స్టెబిలైజర్లు బాగుచేస్తాను. రాత్రిళ్లు సొంత బోర్డులు తయారుచేసుకుంటాను. వాటిలో బాగా అమ్ముడుపోయేది రొయ్యల గుంటల కాడ పెట్టే అలారం పెట్టె. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా, కరెంటు మొత్తం పోయినా సైరన్ మోగిస్తుంది, లోపలున్న, సిమ్ వేసే జీఎస్‌ఎం మాడ్యూల్ రైతుకు మిస్‌డ్ కాల్ కొడుతుంది. అంతకుమించి దానికి పనేమీ లేదు. కానీ ఆ ఒక్క పనీ తెల్లవారుజామున మూడింటికి తప్పకుండా చేయాలి. గుంట నీళ్లలోని పాచి పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రయితే అదే పీల్చుకుంటుంది. అందుకే తెల్లారే ముందు ఆక్సిజన్ అడుగంటుతుంది. సరిగ్గా ఆ వేళకు నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే వెనామీ రొయ్య పంట గంటల్లో చేజారిపోతుంది.

ఈ పెట్టెలో ప్రోగ్రాం రాయడానికి ఏ సీ కంపైలర్ (సీ భాషలో రాసినదాన్ని చిప్‌కు అర్థమయ్యే కోడ్‌గా మార్చే సాఫ్ట్‌వేర్) మంచిదని ఇంజనీరింగ్ పిల్లలు షాపుకొచ్చి అడుగుతుంటారు. నేను 2018 నుంచి వాడుతున్నది ఎస్‌డీసీసీ, అంటే స్మాల్ డివైస్ సీ కంపైలర్. సందీప్ దత్తా మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. ఎవరైనా వాడుకుని మార్చుకోగల జీపీఎల్ లైసెన్సు, పైసా ఖర్చు లేదు. 8051, జెడ్80, ఎస్‌టీఎం8 లాంటి చిన్న చిప్‌లకు కోడ్ తయారుచేస్తుంది. మంచి కంపైలరే. దాని వల్ల నేను పడ్డ పాట్లు కూడా దాచకుండా చెబుతాను.

దీనికి ముందు వాడినవాటి గురించి రెండు ముక్కలు. కాలేజీలో అందరిలాగే 8051 మీద కెయిల్ కంపైలర్‌తో నేర్చుకున్నాను. కెయిల్ సీ51 మూల్యాంకన వెర్షన్లో కోడ్ 2 కేబీ దాటకూడదు. ఎల్‌ఈడీలు వెలిగించడానికి, ఎల్‌సీడీ మీద కాలేజీ పేరు రాయడానికి అది చాలు. తర్వాత ఆర్డ్యూయినో బోర్డు, దాని వెనకున్న ఏవీఆర్ జీసీసీ అనే ఉచిత కంపైలర్. దాన్ని ఇప్పటికీ వంక పెట్టలేను. వాడని ఫంక్షన్లను లింకర్ (కోడ్ ముక్కలను కలిపి ఒకటి చేసేది) తీసేస్తుంది, వార్నింగులు స్పష్టంగా చెబుతుంది. మధ్యలో ఒక పేరున్న కంపెనీ కంపైలర్ కూడా వాడాను. కోడ్ చిన్నగా వచ్చేది, తప్పులు వెతికే డీబగ్గర్ అద్భుతం. కానీ దాని లైసెన్సు ఒకే కంప్యూటర్‌కు కట్టేసి ఉండేది. ఒక వానాకాలం పిడుగు దెబ్బకు ఆ కంప్యూటర్ మదర్‌బోర్డు పోయింది, దాంతో లైసెన్సూ పోయింది. కొత్త కీ కోసం మెయిళ్లు పెట్టీ పెట్టీ విసుగొచ్చింది. అప్పటికే గుంటల మీద నా పెట్టెలు నడుస్తున్నాయి. వాటిలో ఒక్క అక్షరం మార్చాలన్నా దారి లేదు. ఆరోజే నిర్ణయించుకున్నాను, ఎవరినీ అడుక్కోకుండా మళ్లీ ఎక్కించుకోగల కంపైలరే వాడాలని.

చిప్ ఎస్‌టీఎం8ఎస్003. ఇరవై కాళ్లు, ప్రోగ్రాం ఉండే ఫ్లాష్ 8 కేబీ, పనిచేసేటప్పుడు వాడుకునే ర్యామ్ 1 కేబీ, కరెంటు పోయినా చెరగని ఈఈప్రామ్ 128 బైట్లు. పొద్దున పినాకిని రైలెక్కి మద్రాసు వెళ్లి, ఎలక్ట్రానిక్స్ కొట్లుండే రిచీ స్ట్రీట్‌లో కొనుక్కుని రాత్రికి ఇల్లు చేరేవాణ్ని. ఒక్కోటి రెండు టీల ఖరీదు ఉండేది. డంప్ చేయడానికి, అంటే కోడ్‌ను చిప్‌లోకి ఎక్కించడానికి, ఎస్‌టీ లింక్ పరికరం నకలు ఒకటి సరిపోయేది.

ఎస్‌డీసీసీలో మొదటి వారం చిరాగ్గానే ఉంటుంది. చిప్ లోపలి భాగాలను నడపడానికి చిప్ కంపెనీ రాసి ఇచ్చే పెరిఫెరల్ లైబ్రరీని అది నేరుగా ఒప్పుకోదు. ఎవరో చేసిన ప్యాచ్‌లు తెచ్చి అతికించాలి. అతికించాక ఇంకో తంటా: ఒక ఫైల్లో పది ఫంక్షన్లుండి మీరు ఒక్కటే వాడినా, మిగతా తొమ్మిదీ ఫ్లాష్‌లోకి వచ్చి కూర్చుంటాయి. లింకర్ ఫైలును మొత్తంగా తీసుకుంటుంది గానీ ఫంక్షన్‌ను విడదీయలేదు. పెద్ద చిప్‌లో ఇది పట్టించుకోనక్కర్లేదు, 8 కేబీలో ప్రాణం మీదికొస్తుంది. లైబ్రరీని పక్కనపెట్టి, నాకు కావలసిన రిజిస్టర్ల (చిప్ భాగాలను నడిపే మీటల్లాంటి చోట్ల) చిరునామాలతో సొంత హెడర్ ఫైలు ఒకటి రాసుకున్నాను. రెండు రాత్రుల పని. ఏడేళ్లుగా అదే నడుస్తోంది.

ఇంకోటి. ఇంటరప్ట్ ఫంక్షన్‌ను (టైమర్ లాంటిది పిలవగానే, చేస్తున్న పని ఆపి నడిచే కోడ్) వేరే ఫైల్లో రాస్తే, దాని ప్రోటోటైపు, అంటే పరిచయ వాక్యం, ప్రధాన ఫంక్షన్ అయిన మెయిన్ ఉన్న ఫైల్లో కనబడి తీరాలి. లేకపోతే ఏ ఇంటరప్ట్‌కు ఏ ఫంక్షన్ అని చిప్ చూసుకునే వెక్టర్ టేబుల్లోకి ఎక్కదు. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు, టైమర్ మాత్రం తిరగదు. మాన్యువల్లో ఈ ముక్క ఉంది. మాన్యువల్ చదివే అలవాటు ఉన్నవాళ్లకు దీంతో ఇబ్బందే లేదు, నేను ఆ బాపతు కాదు.

ఇప్పుడు ఫ్లోట్ గొడవ. సీలో దశాంశ సంఖ్యను ఫ్లోట్ అంటారు. మొదటి పెట్టెల్లో చిన్న ఎల్‌సీడీ పెట్టి మూడు ఫేజుల ఓల్టేజీ చూపించాలనుకున్నాను. దశాంశంతో చూపిస్తే రైతుకు నమ్మకంగా ఉంటుందని నా ఆశ. అక్షరాలు చూపించే ప్రింట్‌ఎఫ్ ఫంక్షన్‌లో, దశాంశానికి వాడే పర్సెంట్ ఎఫ్ పెట్టి, సరిగా పరీక్షించకుండానే మైపాడు వైపు ఒక గుంట కాడ బిగించి వచ్చాను. ఎస్‌డీసీసీ మామూలు లైబ్రరీలో ప్రింట్‌ఎఫ్‌కు ఫ్లోట్ అచ్చు వేయడం రాదు. చోటు మిగల్చడానికి తీసేశారు. దశాంశం రావలసిన చోట ‘నో ఫ్లోట్’ అని ఇంగ్లీషులో చూపిస్తుంది. మర్నాడు పొద్దున గుంట కాడి కుర్రాడి ఫోను: “అన్నా, నీ డబ్బాలో నో ఫ్లోట్ అని వస్తా ఉండాది. గుంటలో దిగి అన్ని ఏరియేటర్లూ చూసినా. ఫ్లోట్లు అన్నీ బాగానే ఉండాయి గదా!” ఏరియేటర్ నీళ్ల మీద తేలేది ప్లాస్టిక్ ఫ్లోట్ల మీదే. పాపం, నడుము లోతు నీళ్లలో దిగి ఒక్కొక్క ఫ్లోటూ తడిమి చూశాడట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ తర్వాత ఓల్టేజీని పదితో హెచ్చించి పూర్ణాంకంగానే ఉంచి, చుక్కను నేనే పెట్టడం నేర్చుకున్నాను. ఫ్లోట్ లెక్కల లైబ్రరీ మొత్తం ఎగిరిపోయి బోలెడంత ఫ్లాష్ మిగిలింది. ఎనిమిది బిట్ల చిప్‌లో దశాంశాలతో లెక్కలు చేయించడం ఎడ్లబండికి కారు టైర్లు వేయడం లాంటిది. నడుస్తుంది, కానీ ఎందుకు?

ఇంట్ (సీలో పూర్ణాంకాల టైపు) అంటే ఇక్కడ 16 బిట్లే, పెద్ద అంకెలు పట్టవు. నిమిషానికి మిల్లీ సెకన్లు లెక్కేద్దామని 60ని 1000తో హెచ్చిస్తే 60000 రాదు, మైనస్ 5536 వస్తుంది. ఇది ఎస్‌డీసీసీ తప్పు కాదు, ఏవీఆర్ జీసీసీలోనూ ఇంతే. లాప్‌టాప్ మీద సీ నేర్చుకున్నవాళ్లందరూ ఒకసారి ఈ గోతిలో పడతారు. పడి లేచాక వెడల్పు స్పష్టంగా చెప్పే టైపులే వాడతారు.

2021లో చిప్‌ల కరువు వచ్చినప్పుడు ఎస్‌డీసీసీ విలువ తెలిసింది. ఎస్‌టీఎం8ఎస్003 దొరికితే కళ్లు తిరిగే ధర, లేకపోతే అసలు దొరకదు. రిచీ స్ట్రీట్ కొట్టాయన నువోటన్ వాళ్ల ఎన్76ఈ003 చేతిలో పెట్టాడు. అదే ఇరవై కాళ్ల ప్యాకేజీ, కాళ్ల వరస కూడా దాదాపు అదే, లోపల మాత్రం 8051. బోర్డు మార్చలేదు. కంపైలరూ మార్చలేదు, ఎందుకంటే ఎస్‌డీసీసీకి 8051 సొంత ఊరు. రిజిస్టర్ల హెడర్ మార్చి, ఒక్క ఆప్షన్ మార్చి కంపైల్ చేస్తే వారంలో బోర్డు ప్రాణం పోసుకుంది.

పోసుకుంది గానీ అంకెలు తప్పు కొట్టేది. షాపు బల్ల మీద పరీక్షిస్తుంటే నా ఫోనుకు రావలసిన కాల్ రాదు. సీరియల్ లైను మీద చూస్తే మాడ్యూల్‌కు వెళ్లే నంబరులో ఒక అంకె రెండుసార్లు పడుతోంది. అదీ ప్రతిసారీ కాదు, ఏ పదిసార్లకో ఒకసారి. మూడు రోజులు టంకం మీద అనుమానపడ్డాను, పవర్ సప్లై మీద అనుమానపడ్డాను, చివరికి సిమ్ కార్డు మీద కూడా. అసలు సంగతి ఏమంటే, 8051లో స్టాకుకు (ప్రతి పిలుపుకూ ఫంక్షన్ తాత్కాలికంగా వాడుకునే ర్యామ్ భాగం) చోటు తక్కువ గనుక ఎస్‌డీసీసీ ఫంక్షన్ లోపలి వేరియబుళ్లను మామూలుగా స్టాకు మీద పెట్టదు, ర్యామ్‌లో ఒక స్థిరమైన చోట పెడుతుంది. నా అంకెలు తీసే ఫంక్షన్‌ను మెయిన్ పిలిచేది, టైమర్ ఇంటరప్ట్ కూడా పిలిచేది. మెయిన్ సగం పనిలో ఉండగా ఇంటరప్ట్ వచ్చి అదే చోట తన లెక్క రాసి పోయేది. ఒకే పలక మీద ఇద్దరు పిల్లలు కూడికలు వేసినట్టు. ఆ ఫంక్షన్‌కు, ప్రతి పిలుపుకూ వేరే చోటు ఇప్పించే రీఎంట్రంట్ అనే పదం తగిలిస్తే తీరిపోయింది. ఎస్‌టీఎం8లో ఇదే కోడ్ మూడేళ్లు నిక్షేపంగా నడిచింది, అక్కడ స్టాకు వాడుతుంది మరి. కంపైలర్ ఒకటే అయినా చిప్ మారితే దాని గుణం మారుతుందని అప్పుడు తెలిసింది.

ఇక నేను ఇప్పటికీ మర్చిపోలేనిది. 2022 తర్వాత కొత్త లాప్‌టాప్ కొన్నాను, దానిలో అప్పటి తాజా ఎస్‌డీసీసీ ఎక్కించాను. విడవలూరు మండలం రామతీర్థం దగ్గర ఒక రైతుకు సైరన్ ఇంకాస్త సేపు మోగాలట. ఒక్క అంకె మార్చి, కంపైల్ చేసి, డంప్ చేసి ఇచ్చాను. బల్ల మీద కరెంటు మొత్తం తీసి చూశాను, మోగింది. ఒకే ఒక్క ఫేజు తీసి పరీక్షించడం మాత్రం చేయలేదు. అంకె ఒక్కటే కదా మార్చింది అనుకున్నాను.

పది రోజులకు తెల్లవారుజామున ఫోను. “అబ్బయా, నీ పెట్టె మోగలా. ఒక ఫేజు పోయుండాది, మోటార్లు మూలగతా ఉండాయి. మావాడు లేచి చూసినాడు గాబట్టి సరిపోయింది.” నేను బైకు మీద వెళ్లేసరికి జనరేటర్ వేసి ఉంది, రొయ్య కొంచెం పైకి తేలి మళ్లీ సర్దుకుంది. రెండు మోటార్ల వైండింగ్ మాత్రం కాలిపోయింది. ఆయన ఒక్క మాట అనలేదు. టీ ఇచ్చి పంపాడు. తిట్టినా బాగుండేది. వైండింగ్ డబ్బులు నేనే కట్టుకున్నాను.

పెట్టె తెచ్చి పాత హెక్స్ ఫైలు (కంపైల్ అయి, చిప్‌లోకి ఎక్కే కోడ్) ఎక్కిస్తే పనిచేసింది. అదే సోర్సు కొత్త కంపైలర్‌తో చేస్తే చేయలేదు. ఓల్టేజీ నమూనాలు కూడే చిన్న రొటీను ఒకటి, చిప్ సొంత భాష అయిన అసెంబ్లీలో రాసుకున్నాను, వేగం కోసం. ఇప్పుడు తలుచుకుంటే ఆ వేగం ఎవడికీ అక్కర్లేదు. పాత వెర్షన్లలో ఎస్‌టీఎం8కు ఆర్గ్యుమెంట్లు (ఫంక్షన్‌కు అందించే విలువలు) అన్నీ స్టాకు మీద వచ్చేవి, నా రొటీను అక్కడి నుంచే తీసుకునేది. 4.2 వెర్షన్ నుంచి ఆ పద్ధతి మారింది. మొదటి ఆర్గ్యుమెంటు ప్రాసెసర్ లోపలి రిజిస్టర్లో వస్తుంది. నా రొటీను మాత్రం స్టాకు మీద ఉన్న చెత్తనే చిరునామా అనుకుని, ఎక్కడివో బైట్లు కూడి, ఫేజు ఉందని ఒట్టేసి చెబుతోంది. కరెంటు మొత్తం పోవడాన్ని వేరే సర్క్యూట్ చూసుకుంటుంది గనుక బల్ల మీద దొరకలేదు. ఈ మార్పు విడుదల నోట్స్‌లో ఇంగ్లీషులో తేటతెల్లంగా రాసి ఉంది. చదవనిది నేను.

అప్పటినుంచి ప్రతి ప్రాజెక్టు ఫోల్డర్లో సోర్సుతోపాటు దాన్ని కంపైల్ చేసిన ఎస్‌డీసీసీని కూడా జిప్ చేసి పెడుతున్నాను. కోడ్ మొదట్లోనే వెర్షన్ చూసి, వేరేదైతే ఎర్రర్ కొట్టి ఆగిపోయే మూడు లైన్లు పెట్టాను. పెట్టె మూత లోపల స్టిక్కర్ మీద వెర్షన్ నంబరు పెన్నుతో రాస్తున్నాను. లైసెన్సు కీ గొడవ లేని కంపైలర్ కాబట్టే ఇంత సులువుగా కుదిరింది. దీనికి నేను ఇచ్చే మార్కుల్లో సగం ఇందుకే.

మిగతా సంగతులు గబగబా చెప్పేస్తాను. కోడ్ సైజు పర్వాలేదు. మంచి కోడ్ కోసం కంపైలర్ ఎంత వెతకాలో చెప్పే మ్యాక్స్ అలాక్స్ పర్ నోడ్ అనే ఆప్షన్ మామూలుగా 3000 ఉంటుంది, లక్షకు పెంచితే కోడ్ ఇంకాస్త చిక్కుతుంది, కంపైల్ అయ్యేలోపు టీ తాగి రావచ్చు. మీ చిప్‌లో ఫ్లాష్ ఎంతో దానికి తెలియదు, 8192 బైట్లు దాటామా అని మనమే చూసుకోవాలి. డీబగ్గర్ మీద ఆశ పెట్టుకోవద్దు. నాకు సీరియల్ లైను, ఒక ఎల్‌ఈడీ, అంతే. పిక్ చిప్‌లకు మాత్రం దీన్ని వాడొద్దు, ఆ భాగాన్ని చూసుకునేవాళ్లు లేరు. మైక్రోచిప్ వాళ్ల ఎక్స్‌సీ8 ఉచిత వెర్షన్ చాలు. సైజు తగ్గించే పై స్థాయి ఆప్టిమైజేషన్లకు ఒకప్పుడు అందులో డబ్బు కట్టాల్సి వచ్చేది, కానీ చిన్న ప్రాజెక్టుకు వాటి అవసరం రాదు.

ఈరోజు కొత్తగా మొదలుపెట్టేవాడైతే ఎస్‌డీసీసీ ఎంచుకోమని చెప్పను. జీసీసీ ఉన్న చిప్ కొనుక్కోమంటాను. నా కొత్త బోర్డు సీహెచ్32వీ003 మీద చేస్తున్నాను. రిస్క్ ఫైవ్ రకం చిప్, 16 కేబీ ఫ్లాష్, 2 కేబీ ర్యామ్, ధర ఇంకా తక్కువ. ఇంట్ 32 బిట్లు, ఆర్గ్యుమెంట్ల గొడవ లేదు, వాడని ఫంక్షన్లు పోతాయి. అక్కడా ఒక మెలిక ఉంది: చిప్ వాళ్లిచ్చే జీసీసీలో వేగవంతమైన ఇంటరప్ట్ కోసం పెట్టిన ప్రత్యేక పదం మామూలు జీసీసీకి అర్థం కాదు. నేను ఆ పదం జోలికే పోలేదు. 8051, ఎస్‌టీఎం8 చేతిలో ఉన్నవాళ్లకు మాత్రం ఎస్‌డీసీసీని మించింది లేదంటాను.

పోయిన నెల రామతీర్థం ఆయన మళ్లీ వచ్చాడు, అల్లుడి నంబరు కూడా కలపమని. ముందు పాత ఎస్‌డీసీసీ జిప్ విప్పి, సోర్సు ఒక్క అక్షరం కూడా మార్చకుండా కంపైల్ చేసి, దాచిన హెక్స్‌తో పోల్చాను. ఒక్క బైటు తేడా లేదు. అప్పుడు నంబరు కలిపాను. తర్వాత ఆయన ఎదురుగానే బల్ల మీద మూడు ఫేజులూ ఒక్కొక్కటిగా పీకి చూపించాను. మూడుసార్లూ సైరన్ మోగింది. “చాల్లే అబ్బయా, చెవులు పోతా ఉండాయి” అన్నాడు.