మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీ స్టార్ పార్టీ: తిథి చూసుకుని బయల్దేరండి

మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీకి వెళ్ళాలనుకుంటే ముందు తెరవాల్సింది పంచాంగం. పశ్చిమ టెక్సస్‌లో, ఫోర్ట్ డేవిస్ ఊరికి 16 మైళ్ళ దూరంలో కొండ మీదున్న ఈ అబ్జర్వేటరీని ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ నడుపుతుంది. వారంలో మూడు రాత్రులు, అంటే మంగళ, శుక్ర, శనివారాల్లో, అందరి కోసం స్టార్ పార్టీ, అంటే టెలిస్కోపుల్లోంచి ఆకాశం చూపించే కార్యక్రమం, పెడతారు. ఆస్టిన్ నుంచి కారులో ఆరున్నర గంటలు, డాలస్ నుంచి ఏడు గంటల పైమాట, హ్యూస్టన్ నుంచి తొమ్మిది గంటలు. సెలవు కలిసొచ్చిందని అంత దూరం వచ్చాక ఆ శనివారం కాస్తా పౌర్ణమి పక్కన పడితే, పాలపుంత కనిపించకుండానే తిరిగి వెళ్ళాలి. చంద్రుడి వెలుగు ముందు ఎంత మంచి టెలిస్కోపైనా గెలాక్సీలను చూపించలేదు.

లెక్క తేలికే. బహుళ అష్టమి నుంచి చంద్రుడు అర్ధరాత్రి దాటితే గానీ ఉదయించడు. అమావాస్య వెళ్ళాక శుద్ధ తదియ దాకా పొద్దుపోయిన కాసేపటికే అస్తమిస్తాడు. ఈ పది పదకొండు రోజుల్లో నాలుగైదు స్టార్ పార్టీలు వస్తాయి, వాటిలో ఒకటి పట్టుకోండి. చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళు మాత్రం శుద్ధ పంచమి, అష్టమి మధ్య వెళ్ళినా నష్టం లేదు. అప్పుడు చంద్రుడి మీద వెలుగు, చీకటి కలిసే గీత వెంబడి గుంటల నీడలు పొడుగ్గా పడి, ప్రతి గుంట అంచూ చెక్కినట్టు కనిపిస్తుంది. అయిదేళ్ళ పిల్లవాడికి గెలాక్సీ మసక మరక కన్నా ఆ గుంటలే గుర్తుంటాయి. పౌర్ణమినాడు నీడలుండవు కాబట్టి అదే చంద్రుడు చదునుగా, కళ్ళు చెదిరేలా ఉంటాడు.

ఇక కాలం సంగతి. జూన్‌లో అక్కడ పొద్దుగూకేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. అసలు చీకటి పదిన్నరకు. కార్యక్రమం ముగిసేసరికి అర్ధరాత్రి, అప్పటికి పిల్లలు భుజం మీద నిద్రపోతుంటారు. జులై, ఆగస్టుల్లో అక్కడ వానాకాలం, సాయంత్రానికి మబ్బులు కమ్ముతాయి. డిసెంబరులో ఆరు లోపే పొద్దుగూకుతుంది, ఆకాశం అద్దంలా ఉంటుంది, చలి మాత్రం ఎముకలు కొరుకుతుంది. ఒక్కసారే వెళ్ళగలిగేవాళ్ళకు మా ఓటు మహాలయ అమావాస్య చుట్టుపక్కల రోజులకు. వానలు తగ్గుముఖం పడతాయి, చీకటి త్వరగా పడుతుంది, ధనుస్సు వైపున్న పాలపుంత చిక్కటి భాగం నైరుతిలో ఇంకా నిలబడే ఉంటుంది.

తిథి కుదిరాక టికెట్లు, ఆ తర్వాతే బస. ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి, అక్కడికి వెళ్ళి కొనుక్కుందామంటే దొరక్కపోవచ్చు. మార్చి మధ్యలో వచ్చే స్ప్రింగ్ బ్రేక్, శనివారాలు తొందరగా నిండిపోతాయి. సెలవు పెట్టగలిగితే మంగళవారం మేలు, టెలిస్కోపుల దగ్గర వరస చిన్నగా ఉంటుంది. స్టార్ పార్టీకి ముందు హాల్లో జరిగే ట్విలైట్ ప్రోగ్రామ్ వేరే కార్యక్రమం, దాని టికెట్ వేరు. ఎనిమిది, పదేళ్ళ పిల్లలున్నవాళ్ళు అదీ తీసుకోండి. బయట చీకట్లో వినబోయే మాటలు ముందే ఒకసారి చెవిన పడి ఉంటాయి.

మబ్బు పట్టినా కార్యక్రమం రద్దు కాదు, లోపల కూర్చోబెట్టి చెబుతారు. బాగానే చెబుతారు కానీ అంత దూరం వచ్చింది దానికి కాదు గదా. అందుకే రెండు రాత్రులు ఉండేలా పెట్టుకుని, వీలైతే శుక్ర, శనివారాలు రెండింటికీ టికెట్లు తీసుకోండి. ఒక్కోసారి ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా టెలిస్కోపులుండే డోములు మూసేస్తారు. గాలిలో తేమ పెరిగితే టెలిస్కోపు అద్దాల మీద మంచు పడుతుంది, గాలి బలంగా వీస్తే దుమ్ము పడుతుంది, రెండూ అద్దం పూతను పాడుచేస్తాయి. సిబ్బందితో వాదించి ప్రయోజనం లేదు.

స్టార్ పార్టీకి ప్రాణం అక్కడి మాట. విజిటర్ సెంటర్ వెనక ఆరుబయట మెట్ల వరసల మీద అందరినీ కూర్చోబెడతారు. ఒక్కరే నిలబడి, పచ్చ లేజర్ కిరణంతో నక్షత్రాలను ఒక్కొక్కటిగా తాకుతూ చెప్పుకుపోతారు. ఈ అబ్జర్వేటరీ 1978 నుంచి స్టార్‌డేట్ అనే రేడియో కార్యక్రమం నడుపుతోంది, మామూలు మాటల్లో చెప్పే అలవాటు ఇక్కడి గాలిలోనే ఉంది. వాళ్ళు బిగ్ డిప్పర్ అన్నప్పుడు మీ పిల్లల చెవిలో సప్తర్షి మండలమనీ, మంచంకోళ్ళనీ చెప్పండి. ప్లయడీస్ అన్నప్పుడు కృత్తిక, పిల్లలకోడి. ఒరాయన్ నడుం మీది మూడు చుక్కలు గొల్లకావడి. మన ఊళ్ళ నుంచి చూసే ఆకాశానికీ దీనికీ తేడా కూడా చూపించొచ్చు. హైదరాబాద్‌లో ఉత్తరాన 17 డిగ్రీల ఎత్తులో ఉండే ధ్రువ నక్షత్రం ఇక్కడ దాదాపు 31 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. చేయి చాపి బిగించిన పిడికిలి పది డిగ్రీలు, అంటే నేల నుంచి మూడు పిడికిళ్ళు. అగస్త్య నక్షత్రం మాత్రం దక్షిణాన ఏడు డిగ్రీలు కూడా ఎక్కదు, కొండ అడ్డొస్తే అంతే.

తర్వాత టెలిస్కోపుల దగ్గరికి వదులుతారు. కొన్ని చిన్న డోముల్లో, కొన్ని బయట ఉంటాయి, ఒక్కోదాన్ని ఒక్కో వస్తువు మీద గురిపెడతారు. చక్రాల కుర్చీలో కూర్చునే చూడగలిగే టెలిస్కోపు కూడా ఉంది, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వెళ్ళగానే దాన్ని అడగాలి. మిగతావాటిలో కొన్నింటికి నిచ్చెన ఎక్కాలి. చీకట్లో మెట్టు కాలితో తడిమి వెతుక్కోవాల్సి వస్తుంది కాబట్టి చీర కుచ్చిళ్ళు, జారే చెప్పులు వద్దు. నిచ్చెన పిడి పట్టుకోండి, టెలిస్కోపు గొట్టం పట్టుకోకండి. అది కాస్త కదిలినా వస్తువు కనుమరుగవుతుంది, మళ్ళీ గురిపెట్టే దాకా వరసంతా ఆగాలి. కన్ను ఆనించి చూసే ఐపీస్ మీద ఊపిరి వదిలితే ఆవిరి పట్టి మసకేస్తుంది, ముఖం దగ్గరికి తెచ్చేటప్పుడు ఒక్క క్షణం ఊపిరి బిగపట్టండి. దగ్గరి చూపో, దూరపు చూపో మాత్రమే లోపమైతే కళ్ళజోడు తీసేసి ఫోకస్ సరిచేయమని అడగొచ్చు. ఆస్టిగ్మాటిజం, అంటే కంటి వంపు అన్ని వైపులా సమానంగా లేని లోపం, ఉంటే జోడు ఉంచుకోవాలి, దాన్ని ఫోకస్ సరిచేయలేదు.

శనిగ్రహం కనిపించే కాలమైతే ముందు దాని వరసలో నిలబడండి, అది ఎవరినీ నిరాశపరచదు. ఆండ్రోమెడా గెలాక్సీ దగ్గర మాత్రం ఫొటోల్లోని రంగులు ఆశించకండి. మసక వెలుగులో పనిచేసే కంటి కణాలకు రంగు తెలియదు, అందుకే బూడిద రంగు పొగలా ఉంటుంది. సూటిగా కాక కొంచెం పక్కకు చూడండి, ఆ పొగ ఇంకా వెడల్పుగా పరుచుకుంటుంది. 25 లక్షల ఏళ్ళ కింద బయల్దేరిన వెలుగు అది.

కళ్ళు చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్క తెల్లటి మెరుపు చాలు, లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. మీకే కాదు, చుట్టూ ఉన్న వందమందికీ. ఎర్ర టార్చికి ఆ ఇబ్బంది తక్కువ, చీకటి చూపుకు పనికొచ్చే కణాలు ఎర్ర వెలుగుకు పెద్దగా స్పందించవు. ఫోన్ సంగతి అందరికీ గుర్తుంటుంది. మరిచిపోయేవి వేరే: చేయి ఎత్తగానే వెలిగే వాచీ, అడుగేస్తే మెరిసే పిల్లల బూట్లు, బటన్ నొక్కగానే హెడ్‌లైట్లు వెలిగించే కారు తాళం. దుప్పట్లూ నీళ్ళసీసాలూ ముందే తెచ్చేసుకుంటే మధ్యలో కారు దగ్గరికి వెళ్ళే పని ఉండదు. చోటు దాదాపు రెండు వేల మీటర్ల ఎత్తు, రెండు గంటలు కదలకుండా కూర్చోవాలి. జూన్‌లోనూ శాలువా కావాలి. చలికాలంలో మంకీ క్యాప్, మందపాటి మేజోళ్ళు, కింద వేసుకోవడానికి దిండో మడత దుప్పటో తీసుకెళ్ళండి.

మర్నాడు పగలు గైడెడ్ టూర్ వదులుకోకండి. అబ్జర్వేటరీ కొండల్లో ఒకటైన మౌంట్ లాక్ మీద 1939లో ప్రారంభమైన 82 అంగుళాల స్ట్రూవ్ టెలిస్కోపు అప్పట్లో ప్రపంచంలోకెల్లా పెద్దవాటిలో రెండోది. ఖగోళ శాస్త్రవేత్త కైపర్ 1948లో యురేనస్ ఉపగ్రహం మిరాండాను కనిపెట్టింది దీనితోనే. దాని పక్కన 1968 నాటి 107 అంగుళాల హార్లన్ స్మిత్ టెలిస్కోపు. 1970లో ఇక్కడి ఉద్యోగి ఒకరు దీని అద్దం మీద పిస్తోలుతో కాల్పులు జరిపారు. గుంటలు పడ్డాయి గానీ అద్దం పగల్లేదు, పోయిన వెలుగు నూటికి ఒక వంతు. ఆ అద్దంతోనే ఇప్పటికీ పరిశోధన సాగుతోంది. పక్క కొండ మీద హాబీ-ఎబర్లీ టెలిస్కోపులో 91 ఆరుమూలల అద్దాలు తేనెపట్టులా అమరి ఉంటాయి. దాన్ని ఆకాశంలో ఒకే ఎత్తుకు వంచి స్థిరంగా ఉంచారు, గుండ్రంగా మాత్రమే తిరుగుతుంది. ఖర్చు తగ్గించుకోవడానికి పన్నిన ఉపాయం అది. నిర్ణీత తేదీల్లో పెద్ద టెలిస్కోపుల్లోంచి చూసే స్పెషల్ వ్యూయింగ్ నైట్స్ ఉంటాయి. వాటిలో చూసేవి తక్కువ, చూసినంతా లోతుగా. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు స్టార్ పార్టీయే సరి.

బసకు మూడు దారులు. డేవిస్ మౌంటెన్స్ స్టేట్ పార్కులోని ఇండియన్ లాడ్జ్ అన్నిటికన్నా దగ్గర. 1930ల్లో మట్టి ఇటుకలతో కట్టిన తెల్లటి భవనం, కొండ వాలు మీద ఉంటుంది. ఇది దొరికితే వేరేది చూడొద్దు, అర్ధరాత్రి కొండ దారిలో నడపాల్సిన దూరం తక్కువ. కానీ గదులు తక్కువ, టికెట్ తీసుకున్న రోజే దీన్నీ వెతకాలి. ఫోర్ట్ డేవిస్‌లో పాతకాలపు హోటళ్ళున్నాయి, నాలుగడుగుల్లో ఊరంతా తిరగొచ్చు. రెండూ నిండితే ఆల్పైన్ అనే ఊరు. అక్కడ చెయిన్ హోటళ్ళు, సూపర్ మార్కెట్ ఉన్నాయి, అమ్‌ట్రాక్ రైలు కూడా ఆగుతుంది. అయితే స్టార్ పార్టీ ముగిశాక నిద్ర కళ్ళతో 40 మైళ్ళు నడపాలి. పెద్దవాళ్ళున్న కుటుంబానికి మేము సిఫార్సు చేయం.

శాకాహారులకు ఇబ్బంది తిండి దగ్గరే. చిన్న ఊరు, రెస్టారెంట్లు పెందలాడే మూస్తారు, మెనూలో మాంసం ఎక్కువ. పులిహోర మర్నాటికీ నిలుస్తుంది. ఐస్ పెట్టెలో పెరుగన్నం, ఫ్లాస్కులో టీ ఉంటే రాత్రి గడిచిపోతుంది.

డాలస్ వాళ్ళు పేకోస్ మీదుగా, ఆస్టిన్, హ్యూస్టన్ వాళ్ళు ఫోర్ట్ స్టాక్టన్ మీదుగా వస్తారు. వాళ్ళు పేకోస్ దగ్గర, వీళ్ళు బాల్మొరియా దగ్గర 17వ నంబరు రోడ్డు పడతారు. హైవే దిగకముందే ట్యాంకు నింపుకోండి. కొండల్లో ఫోన్ సిగ్నల్ ఉండదు, మ్యాపు ముందే దించుకోవాలి. ఎల్ పాసోలో విమానం దిగేవాళ్ళు గడియారం గంట ముందుకు జరపాలి, ఆ ఊరిది మౌంటెన్ టైమ్, అబ్జర్వేటరీది సెంట్రల్ టైమ్. దీన్ని మరిచి ఆలస్యంగా చేరితే ఆకాశ పరిచయం సగం అయిపోయి ఉంటుంది. తిరుగు దారిలో జింకలు, అడవిపందుల్లాంటి హవెలినాలు రోడ్డు మీదికి వస్తాయి, 40 మైళ్ళ వేగం దాటకండి.

అంత ప్రయాణం కుదరనివాళ్ళకు ఇదే యూనివర్సిటీ ఆస్టిన్ క్యాంపస్‌లో పెయింటర్ హాల్ పైన 1930ల నాటి 9 అంగుళాల టెలిస్కోపుతో సెమిస్టర్ రోజుల్లో ఉచితంగా ప్రజలకు ఆకాశం చూపిస్తుంది. మెట్లెక్కాలి. నగరపు వెలుగులో గెలాక్సీలు కనిపించవు గానీ చంద్రుడికీ గురుడికీ శనికీ ఆ వెలుగు అడ్డు కాదు, వాటి కాంతి అంత బలమైనది. నగరపు వెలుగు కారణంగానే హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ కూడా బేగంపేటలో నిజామియా అబ్జర్వేటరీ ఉండగానే 48 అంగుళాల టెలిస్కోపును నగరానికి దూరంగా జపాల్-రంగాపూర్ దగ్గర పెట్టుకుంది. ఆస్టిన్‌లో ఉండేవాళ్ళు పిల్లల్ని ముందు ఒకసారి పెయింటర్ హాల్‌కు తీసుకెళ్ళండి. ఒక కన్ను మూసి ఐపీస్‌లో చూడటం అక్కడ నేర్చుకుంటే, కొండ మీద వరసలో తమ వంతు వచ్చినప్పుడు దొరికే అరనిమిషం వృథా కాదు.