ప్రాంగణ నిర్మాణానికి ఆర్కిటెక్ట్ సేవ: మా విశ్వవిద్యాలయ అనుభవం

మా విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర ప్రయోగశాలల భవనాన్నీ, దాని పక్కనే ఉపన్యాస మందిరాన్నీ కట్టించే బాధ్యతను ఇరవై ఏళ్లకు పైగా విశ్వవిద్యాలయ ప్రాంగణాలే కట్టిస్తూ వచ్చిన ఒక ఆర్కిటెక్ట్‌కు అప్పగించాం. భవన నిర్మాణ సంఘంలో అధ్యాపకుల తరఫు సభ్యుడిగా, తొలి సమావేశం నుంచి భవనాలు మా చేతికి వచ్చేదాకా ఆమె పనిని దగ్గర నుంచి చూశాను. ఇలాంటి సేవ కోసం వెతుకుతున్న విద్యాసంస్థలకు పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటి మూడు నెలలు ఆమె ఒక్క గీత కూడా గీయలేదు. ఆచార్యులతో పాటు ప్రయోగశాల సహాయకులనూ, గ్యాస్ సిలిండర్లు తోసుకొచ్చే సిబ్బందినీ, రాత్రి కాపలాదారులనూ కూర్చోబెట్టి వాళ్ల రోజు ఎలా గడుస్తుందో అడిగి రాసుకున్నారు. ఈ ఆలస్యం సంఘంలో చాలామందికి నచ్చలేదు, నాకూ అసహనం కలిగింది. అయితే పాత భవనంలో సిలిండర్ల బండికీ, తరగతులకు వెళ్లే విద్యార్థులకూ దారి ఒక్కటేనన్న సంగతి అలా అడగడం వల్లనే బయటపడింది. కొత్త ప్లానులో ఆ రెండు దారులూ వేరయ్యాయి.

ఆమె తొలి డ్రాయింగులు తెచ్చిన రోజున పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం కోసం అమెరికన్ ఆర్కిటెక్ట్ లూయీ కాన్ 1957లో రూపకల్పన మొదలుపెట్టిన రిచర్డ్స్ ప్రయోగశాలల ఫొటోలు కూడా మా ముందు పెట్టారు. గాలి గొట్టాలనూ మెట్లనూ విడిగా ఇటుక బురుజుల్లోకి తరలించిన ఆ ఆలోచనను వాస్తుశిల్పులు ఈనాటికీ మెచ్చుకుంటారు. లోపల పనిచేసిన శాస్త్రవేత్తలు మాత్రం కిటికీల నుంచి వచ్చే ఎండ తట్టుకోలేక అద్దాలకు అల్యూమినియం రేకులు అంటించుకున్నారు. మొదటి సంగతి తీసుకుంటాననీ, రెండోది జరగనివ్వననీ చెప్పి, మా ప్రయోగశాలల్లో పడమటి కిటికీలను తగ్గించి ఉత్తరపు వెలుతురును ఎక్కువగా వాడుకున్నారు. మధ్యాహ్నం మూడింటికి కూడా మా గదుల్లో తెరలు దించాల్సిన అవసరం రావడం లేదు.

నిర్మాణ పర్యవేక్షణ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రెండో అంతస్తు శ్లాబ్ వేసే ముందు రోజు సాయంత్రం ఆమె సెంట్రింగ్ మీద మోకాళ్లపై కూర్చుని, ఫ్యూమ్ హుడ్ (ప్రయోగాల్లో వెలువడే విషవాయువులను బయటికి లాగే అర) గొట్టం దూరాల్సిన చోట బీమ్‌లో వదిలిన రంధ్రాన్ని టేపుతో కొలిచారు. అది ఉండాల్సిన చోటుకు జానెడు పక్కగా ఉంది. కాంక్రీటు పోసేశాక తెలిసి ఉంటే బీమ్‌ను తొలిచే దారి లేక గొట్టాన్నే చుట్టు తిప్పాల్సి వచ్చేది, విషవాయువులను లాగే వేగం ఆ మేరకు తగ్గేది. ఆ రాత్రే ఊచలు విప్పించి సరిచేయించారు. ఉపన్యాస మందిరంలోనూ అంతే. నల్లబల్ల మీద తానే సుద్దతో నాలుగు సైజుల్లో అక్షరాలు రాసి, చివరి వరుసలో కూర్చుని చదివి చూశాకే దీపాల స్థానాలను ఖాయం చేశారు. చప్పుడు ఎక్కువగా చేసే పనులన్నీ పరీక్షల తేదీలను తప్పించి జరిగాయి.

అప్పగింత తర్వాతి సేవ మాత్రం ఈ స్థాయిలో లేదు. గోడల్లో పైపులూ తీగలూ నిజంగా ఎక్కడి నుంచి వెళ్లాయో చూపే తుది డ్రాయింగులు మాకు చేరేసరికి ఎనిమిది నెలలు దాటింది. ఈలోగా ఒక ప్రయోగశాలలో నీరు కారితే, పైపు ఎక్కడుందో తెలియక మూడు చోట్ల టైల్స్ పగలగొట్టించాం. సైట్‌లో అంత నిక్కచ్చిగా ఉన్న మనిషి కార్యాలయం కాగితాల దగ్గర ఇంత జాప్యం చేయడం నాకు బాధ కలిగించింది.

అయినా, రెండో దశలో రానున్న గ్రంథాలయానికి ఆమెనే తీసుకోవాలని సంఘంలో నేనే ప్రతిపాదించాను. తుది డ్రాయింగులు అందేదాకా ఫీజులో చివరి వాయిదా చెల్లించరాదన్న షరతును ఈసారి ఒప్పందంలోనే చేర్చాం. ఆమె అభ్యంతరం చెప్పకుండా సంతకం చేశారు.