జవాబు పత్రం ముందు, దరఖాస్తు తర్వాత: సీబీఎస్‌ఈ మార్కుల పునఃపరిశీలన సేవపై సమీక్ష

మార్కులు ఊహించని విధంగా తగ్గాయని బాధపడే విద్యార్థికి మొట్టమొదట చూపించవలసింది ఆ విద్యార్థి రాసిన జవాబు పత్రమే. ఈ న్యాయాన్ని సీబీఎస్‌ఈ 2025లో తన సేవా క్రమంలోకి తెచ్చింది. అంతకుముందు మార్కుల కూడికను సరిచూడమని దరఖాస్తు చేసి, దాని ఫలితం వచ్చాక జవాబు పత్రం నకలు కోరి, ఆ పిమ్మటే జవాబులను మళ్లీ దిద్దమని అడగవలసి వచ్చేది. అంటే తప్పు ఎక్కడ జరిగిందో తెలియకుండానే మొదటి రుసుము కట్టేవారు. ఆ మార్పుతో ముందే నకలు చూసుకుని, కూడికను సరిచూడమనాలో, ఏయే ప్రశ్నలను మళ్లీ దిద్దమనాలో నిర్ణయించుకునే వీలు కలిగింది. మన ఇంటర్మీడియట్ రీ వెరిఫికేషన్‌లోనూ స్కాన్ చేసిన నకలు అందుతుంది గాని, అది రుసుము కట్టిన తర్వాతి సంగతి.

నకలు చేతికి వచ్చాక చూడవలసిన తీరు ఒకటుంది. ప్రతి జవాబు పక్కన వేసిన మార్కును ముఖపత్రం మీది పట్టికతో పోల్చాలి. ఒకే ప్రశ్నలోని రెండు భాగాలకు విడివిడిగా మార్కులు వేసి, పట్టికలో మాత్రం మొదటి భాగానిదే ఎక్కించి ఉండవచ్చు. చివరి పేజీలో కొనసాగించిన జవాబు మీద ఎర్ర సిరా గీత కూడా పడకపోవచ్చు. ఇలాంటివైతే సరిచూడమంటే చాలు. దిద్దిన తీరు మీదే అభ్యంతరం ఉంటే, ఏ జవాబుకు ఎన్ని మార్కులు వేయాలో చెప్పే బోర్డు మార్కింగ్ స్కీమును పక్కన పెట్టుకుని, మన జవాబులో ఏ మెట్టుకు మార్కు రావాలో గుర్తించాకే ఆ ప్రశ్నను ఎంచుకోవాలి. సబ్జెక్టు చెప్పిన ఉపాధ్యాయుడి చేత ఒకసారి చదివించడం ఎంతో మేలు, ఎందుకంటే ఇక్కడ మార్కులు పెరగడమే కాదు, తగ్గే అవకాశమూ ఉంది; ఒక్క మార్కు తగ్గినా అదే అమలవుతుంది.

రుసుముల విషయంలో మాత్రం నాకు తృప్తి లేదు. 2025లో పన్నెండో తరగతికి సబ్జెక్టుకు నకలు 700 రూపాయలు, కూడిక సరిచూడడానికి 500, మళ్లీ దిద్దడానికి ప్రశ్నకు 100 చొప్పున తీసుకున్నారు. రెండు మూడు సబ్జెక్టుల్లో అనుమానం ఉన్న పేద కుటుంబానికి ఇది పెద్ద భారం. దిద్దిన జవాబు పత్రం సమాచార హక్కు చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 2011లోనే ఇదే బోర్డుకు సంబంధించిన కేసులో తీర్పు చెప్పింది. ఆ చట్టం కింద దరఖాస్తు రుసుము 10 రూపాయలు, పేజీకి 2 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. అయితే సమాధానానికి 30 రోజుల గడువు ఉండడం వల్ల, నకలు వచ్చేసరికి మళ్లీ దిద్దించుకునే అవకాశం దాటిపోతుంది. చవకైన దారి ఆలస్యమై, వేగమైన దారి ఖరీదైనదిగా ఉండడం ఈ సేవలోని అసలు లోపం. స్కాన్ చేసిన నకలును విద్యార్థులందరికీ ఉచితంగా లాగిన్‌లోనే ఉంచితే ఇది తీరుతుంది.

దరఖాస్తు చేసేవారు మరొకటి గమనించాలి: పునఃపరిశీలన ఫలితం కోసం ఎదురుచూస్తూ సప్లిమెంటరీ పరీక్ష నమోదు గడువును జారవిడుచుకోకూడదు. రెండూ ఏకకాలంలో నడిపించుకోవాలి.