మిన్నెసోటా రైతుల నీటి నాణ్యత సర్టిఫికెట్: చేరవచ్చు, ఒక్క లోటు చూసుకుని

‘నదిని కాపాడండి’ అంటే సరిపోదు, చేరితే తనకేం దక్కుతుందో రైతుకి చెప్పాలి. అమెరికాలోని మిన్నెసోటా వ్యవసాయ శాఖ నడిపే ఈ స్వచ్ఛంద పథకం ఆ మాట సూటిగా చెబుతుంది: సర్టిఫికెట్ చేతికొస్తే, పదేళ్లలో కొత్తగా ఏ నీటి నాణ్యత నిబంధన వచ్చినా మీరు పాటిస్తున్నట్టే లెక్క. రైతుల్ని కదిలించేది ఈ భరోసాయే. ఆర్థిక సాయంలో ప్రాధాన్యం అదనం.

దరఖాస్తు స్థానిక నేల-నీటి సంరక్షణ కార్యాలయంలో ఇవ్వాలి. నేల, వాలు, ఎరువులు, దుక్కి, పురుగుమందులు, డ్రైనేజీ చూసి పొలం పొలానికీ మార్కులేస్తారు; 10కి 8.5 రావాలి. భూసార పరీక్ష కాగితాలు, ఎరువు వేసిన తేదీలు, మోతాదులు పొలాల వారీగా సర్దుకుని వెళ్తే సగం పని అయినట్టే.

ఎక్కువగా దెబ్బతినేది నత్రజని దగ్గరే. శరదృతువులో నేల ఇంకా వెచ్చగా ఉండగానే అమోనియా వేస్తే అది నైట్రేటుగా మారి, వసంతంలో మంచు కరిగిన నీటితో కిందికి పోతుంది. ఆరంగుళాల లోతున నేల 50 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే చల్లబడాలి. ఆగ్నేయంలోని సున్నపురాతి నేలల్లో అయితే శరదృతువులో అసలు వేయకూడదు. విత్తేటప్పుడు కొంత, మొక్కజొన్న మోకాలెత్తు పెరిగాక మిగతాది వేయడం మేలు. కోతల తర్వాత చలి త్వరగా ముంచుకొస్తుంది కాబట్టి, నేలను కప్పి ఉంచే రై (గోధుమ లాంటి పైరు) గింజలు పంట నిలిచి ఉండగానే చల్లాలి. మొక్కజొన్న విత్తడానికి 10 నుంచి 14 రోజుల ముందే రైని చంపేయాలి. లేకపోతే కుళ్లే రై నత్రజనిని పట్టేసుకుని, మొలకలు పసుపెక్కుతాయి.

ఇక లోటు. మార్కులు పడేది సాగు పద్ధతులకు, నీటికి కాదు. కాలువ గట్టున గడ్డి పట్టీ ఎంత వెడల్పున్నా, భూమిలో పాతిన డ్రైనేజీ గొట్టాల్లోని నైట్రేటు దాని కిందుగానే కాలువలోకి చేరుతుంది. ఆ నీటిని గడ్డి పట్టీ వేళ్ల దగ్గరికి మళ్లించాలి, లేదా చెక్క పేళ్లు నింపిన గోతిలోంచి పోనివ్వాలి. చేరే రైతు గొట్టం చివర నీటిని తనే పరీక్ష చేయించుకోవాలి. రిపోర్టులో కొలమానం చూడండి: అక్కడి తాగునీటి హద్దు లీటరుకు 10 మిల్లీగ్రాములు నైట్రేట్-నత్రజని లెక్క, మన దగ్గర 45 అనేది నైట్రేటు లెక్క. రెండూ దాదాపు ఒకటే. మొదటిదాన్ని 4.43తో గుణిస్తే రెండోది వస్తుంది.