“ఒక్క క్లిక్‌తో కెపాసిటీ” అని అమ్ముతున్నారా? దింపడం ఎలాగో ముందు అడగండి

మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్) మీద తాత్కాలిక కెపాసిటీ, అంటే అవసరానికి లేపి (ఆన్ చేసి) తర్వాత దింపే (ఆఫ్ చేసే) అదనపు ప్రాసెసర్లు, కొనబోయేవాళ్లకు హెచ్చరిక. ఒక మధ్యవర్తి (పేరెందుకు లెండి) “బ్రౌజర్ తెరిచి క్లిక్ చేస్తే చాలు, వాడినంతకే బిల్లు” అని చెప్పి అమ్ముతున్నారు. క్లిక్ సంగతి నిజమే. “వాడినంతకే” అన్నది మాత్రం పచ్చి అబద్ధం.

ఐబీఎం జెడ్ మెయిన్‌ఫ్రేమ్‌లలో ఈ తాత్కాలిక కెపాసిటీని ఆన్/ఆఫ్ సీవోడీ (కెపాసిటీ ఆన్ డిమాండ్) అంటారు. దాని లెక్క వాడకాన్ని బట్టి ఉండదు, ఆన్ చేసి ఉంచినదాన్ని బట్టి ఉంటుంది. 24 గంటల వ్యవధిలో గరిష్ఠంగా ఎంత ఆన్‌లో ఉంటే అంతకీ రోజు బిల్లు పడుతుంది. పొద్దున ఒక ఇంజిన్ (ప్రాసెసర్), మధ్యాహ్నం గంటసేపు మూడు, సాయంత్రం మళ్లీ ఒకటి ఉంటే ఆ రోజు లెక్క మూడే. లేపి ఖాళీగా వదిలేసినా అంతే. కాబట్టి సాయంత్రం రెండు గంటల బ్యాచ్ (ఒకేసారి గుంపుగా నడిపే పనులు) కోసం కొనేవాళ్లు రోజు మొత్తానికి లెక్క వేసుకునే సంతకం పెట్టాలి.

దీనికి విరుగుడు ఆర్డర్‌లోనే ఉంది, మధ్యవర్తులే దాని ఊసెత్తరు. రికార్డు (అదనపు కెపాసిటీ లేపుకునే హక్కునిచ్చే ఆర్డర్ ఫైలు) తీసుకునేటప్పుడు ఖర్చుకు హద్దుగా టోకెన్లు పెట్టించుకోవచ్చు: సాధారణ ప్రాసెసర్లకు ఎంఎస్‌యూ-రోజుల్లో (ఎంఎస్‌యూ అంటే మెయిన్‌ఫ్రేమ్ సామర్థ్యాన్ని కొలిచే యూనిట్), జిప్ (కొన్ని రకాల పనులకే పనికొచ్చేది) లాంటి ప్రత్యేక ప్రాసెసర్లకు ఇంజిన్-రోజుల్లో. హద్దు లేని రికార్డు తీసుకుని, ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని దింపుతారులే అనుకుంటే అది నోరు తెరిచిన సంచీ. రికార్డు గడువు 180 రోజులు. దానంతటదే పొడిగించే ఏర్పాటు మీ ఆర్డర్‌లో ఉందో లేదో చూడండి. లేకపోతే సరిగ్గా అవసరం పడ్డ రోజునే రికార్డు చెల్లకుండా పోతుంది.

ఇక బ్రౌజర్ సంగతి. జెడ్/ఓఎస్ ఈ యంత్రాల ఆపరేటింగ్ సిస్టమ్, దాన్ని బ్రౌజర్‌లో నిర్వహించే సాధనం జెడ్/ఓఎస్‌ఎంఎఫ్. అందులోని కెపాసిటీ ప్రొవిజనింగ్ తెరపై పాలసీ (ఎప్పుడు లేపాలో, ఎప్పుడు దింపాలో చెప్పే నియమాలు) మార్చి సేవ్ చేసినంత మాత్రాన నడుస్తున్నది మారదు. కొత్త పాలసీని డొమైన్‌లో (ఆ మేనేజర్ అజమాయిషీ చేసే సిస్టమ్‌ల గుంపులో) ఇన్‌స్టాల్ చేసి, యాక్టివేట్ చేయాలి. అప్పటిదాకా వెనక నడిచే ప్రొవిజనింగ్ మేనేజర్ పాత పాలసీనే పాటిస్తుంది. ముగింపు వేళను ముందుకు జరిపి సేవ్ కొట్టి నిశ్చింతగా వెళ్లిపోయే చోటే ఎక్కువమంది దెబ్బతింటారు.

మేనేజర్‌ను ఏ మోడ్‌లో పెట్టారన్నది కూడా అంతే ముఖ్యం. కన్ఫర్మేషన్ మోడ్‌లో మనిషి సరే అంటేనే కదులుతుంది, ఆటోనమిక్ మోడ్‌లో తనే నిర్ణయించుకుంటుంది. మొదట కొన్ని వారాలు అనాలిసిస్ మోడ్‌లో (సలహా ఇస్తుందే తప్ప ఏమీ చేయదు) ఉంచి అది ఎప్పుడెప్పుడు లేపమంటుందో చూడటం మంచిది. పాలసీ డబ్ల్యూఎల్‌ఎం (జెడ్/ఓఎస్‌లో పనుల ప్రాధాన్యం చూసే భాగం) ఇచ్చే పెర్ఫార్మెన్స్ ఇండెక్స్‌ను నమ్ముకుంటుంది. 1 అంటే లక్ష్యం అందినట్టు, 1 దాటితే అందనట్టు. ఎన్నడూ అందని వెలాసిటీ (పని ఆగకుండా ఎంత సాగాలన్న) లక్ష్యాన్ని బ్యాచ్‌కు తగిలించి ఉంటే ఇండెక్స్ ఎప్పుడూ 1 పైనే ఉంటుంది, లేపిన కెపాసిటీని దింపే షరతు ఎప్పటికీ నెరవేరదు. ముందు లక్ష్యాలను సరిచేయండి, ఆటోనమిక్ ఆ తర్వాతే. హెచ్‌ఎంసీ (యంత్రం హార్డ్‌వేర్‌ను నడిపే కన్సోల్) నుంచి ఆపరేటర్ చేత్తో లేపినదాన్ని పాలసీ దింపుతుందని కూడా అనుకోవద్దు.

దింపేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. ఎల్‌పార్‌లో (ఒకే యంత్రాన్ని విడగొట్టిన భాగాల్లో ఒకటి) ఆన్‌లైన్‌లో ఉన్న లాజికల్ ప్రాసెసర్లు మిగలబోయే ఫిజికల్ ఇంజిన్ల కంటే ఎక్కువైనా, ఇంజిన్లు ఏ ఎల్‌పార్‌కైనా డెడికేటెడ్‌గా కట్టేసి ఉన్నా అవి వెనక్కి రావు. ముందు జెడ్/ఓఎస్ కన్సోల్‌లో కాన్ఫిగ్ కమాండ్‌తో ఆ సీపీయూలను ఆఫ్‌లైన్ చేయాలి. లేపేటప్పుడు కూడా ఇదే తంటా ఎదురవుతుంది. ఇమేజ్ ప్రొఫైల్‌లో (ఎల్‌పార్ సెట్టింగుల్లో) రిజర్వ్‌డ్ ప్రాసెసర్లు పెట్టకపోతే లేపిన ఇంజిన్‌ను ఎల్‌పార్ అందుకోలేదు. హెచ్‌ఎంసీలో లాజికల్ ప్రాసెసర్ యాడ్ చేయాల్సి వస్తుంది. డిఫైన్డ్ కెపాసిటీ లేదా గ్రూప్ క్యాప్ (ఎల్‌పార్ వాడకానికి పెట్టే పరిమితులు) బిగించి ఉంటే, కొన్నది పక్కన కూర్చుంటుంది కానీ ఎల్‌పార్‌కు ఒరిగేదేమీ ఉండదు.

సాఫ్ట్‌వేర్ బిల్లు దెబ్బ హార్డ్‌వేర్ కంటే పెద్దది. తాత్కాలిక సాధారణ ప్రాసెసర్లు లేస్తే యంత్రం మోడల్ కెపాసిటీ గుర్తు, ఎంఎస్‌యూ రేటింగ్ రెండూ మారతాయి. ఆ రేటింగ్‌కు కట్టిన ఇతర కంపెనీల లైసెన్స్ కీలు కొన్ని అక్కడికక్కడే మొరాయిస్తాయి. సబ్-కెపాసిటీ పద్ధతిలో (యంత్రం మొత్తానికి కాక వాడకాన్ని బట్టి సాఫ్ట్‌వేర్‌కు కట్టే పద్ధతి) ఐబీఎం నెలవారీ చార్జీ ఆ నెలలోని గరిష్ఠ నాలుగు గంటల సగటును పట్టుకుని ఉంటుంది, కాబట్టి ఒక్క రాత్రి ఉప్పెన నెలంతటి బిల్లును పెంచేయగలదు. జిప్ ఇంజిన్లతో ఈ గొడవ తక్కువ. పని జిప్‌కు అర్హమైనదైతే ముందు అవే అడగండి.

“సీబీయూ తీసుకోండి, టెస్ట్ పేరుతో పీక్ లాగించేయొచ్చు” అనే సలహా వినిపిస్తే అక్కడితో మాట ఆపేయండి. సీబీయూ (కెపాసిటీ బ్యాకప్) విపత్తు వేళ వాడుకునే రికార్డు: టెస్ట్‌కు 10 రోజులు, నిజమైన విపత్తుకు 90. టెస్ట్‌లో ప్రొడక్షన్ నడపాలంటే అంతే కెపాసిటీని అసలు యంత్రంలో పక్కన పెట్టాలి. రికార్డును యాక్టివేట్ చేసే పెర్ఫార్మ్ మోడల్ కన్వర్షన్ తెరలో టెస్ట్ బదులు రియల్ ఎంచుకుంటే, అసలు విపత్తు కోసం దాచుకున్న యాక్టివేషన్ ఖర్చైపోతుంది.

డబ్బు కట్టే ముందు అమ్మే వ్యక్తిని ఎదురుగా కూర్చోబెట్టి ఒక ఇంజిన్ లేపించి, దింపించి చూడండి. దింపాక ఇన్‌స్టాల్డ్ రికార్డుల తెరలో యాక్టివ్ సంఖ్య సున్నా కావాలి. జెడ్/ఓఎస్‌లో డిస్‌ప్లే ఎం=సీపీయూ ఇస్తే పాత సీపీయూలే ఆన్‌లైన్‌లో కనిపించాలి. రెండూ సరిపోలితేనే సంతకం.