యూరప్ టెట్రిస్ స్కోరు అగ్గువదేం కాదు

ఎన్ఈఎస్ అనే నింటెండో పాత గేమ్ డబ్బాలో ఆడే టెట్రిస్, అంటే పైనుంచి పడే ముక్కలతో వరుసలు నింపే ఆట, ఎలా ఉంటుందో అందరికీ తెలుసు, అది వదిలేద్దాం. హనుమకొండలో నేను ఏళ్లుగా ఆడుతున్నది 1990లో యూరప్‌కు వచ్చిన పాల్ (PAL) వెర్షన్, అంటే అక్కడి టీవీలకు తగ్గట్టు సెకనుకు 50 ఫ్రేములు (తెర మీద బొమ్మలు) చూపేది. కరీంనగర్‌లో మా బామ్మర్ది ఆడేది 1989 నాటి అమెరికా వెర్షన్. స్కోర్ల ఫొటోలు పంపుకుంటాం. ప్రతిసారీ వాడిది ఒకటే పాట: "బావా, నీది యాభై హెర్ట్జ్ ఆట, మెల్లగ నడుస్తది. ఆ స్కోరు అగ్గువ." నాకు మండేది అక్కడే.

చాలా ఆటలకు ఆ మాట నిజమే. సెకనుకు 60 ఫ్రేములకు రాసిన ఆటను ఉన్నదున్నట్టు 50 మీద నడిపితే ఆరో వంతు వేగం పోతుంది. కానీ టెట్రిస్‌ను యూరప్‌కు పంపేటప్పుడు వేగాలన్నీ తిరగరాశారు. తొమ్మిదో లెవెల్‌లో రెండింటిలోనూ ముక్క సెకనుకు దాదాపు పది గళ్లు దిగుతుంది. 16కి వచ్చేసరికి అమెరికాలో 20, యూరప్‌లో 25. 19లో అక్కడ 30, ఇక్కడ ఏకంగా 50! అమెరికా ఆటలో అలాంటి వేగపు గోడ 29 దాకా రాదు. నాలుగు వరుసలు ఒకేసారి లేపితే వచ్చే పాయింట్లు మాత్రం రెండింటిలో ఒకటే, 18లో అయితే 22,800. అంటే 19 నుంచి 28 దాకా స్కోరు బాగా పండే పది లెవెళ్లు వాళ్లకు అదనం.

మొన్న దసరాకు అత్తగారింటికి పోతే, పక్క గదిలో వాడు ఆడుతున్నాడు. మ్యూజిక్ సాగుతోంది, బ్యాటరీ అయిపోయిన టేప్‌రికార్డర్ లాగా. ఎమ్యులేటర్ (పాత గేమ్‌లను కంప్యూటర్‌లో నడిపే ప్రోగ్రామ్) సెట్టింగ్ తెరిచి చూస్తే ఏముంది, ఫైలు అమెరికాది, రీజియన్ పాల్! 19లో 30 గళ్లు దిగాల్సిన ముక్క 25 దిగుతోంది. అసలు అగ్గువ స్కోరు ఎవరిది? సెట్టింగ్ మార్చి ఆడమన్నా. 16వ లెవెల్ కూడా దాటలేదు. "కీబోర్డు మంచిగ లేదు బావా" అన్నాడు. గొంతులు లేచేసరికి మా అత్త వచ్చి, "పండుగపూట ఏం లొల్లిరా" అని వాణ్ణే కసిరింది. నాకు ఆ లడ్డూలు మహా రుచిగా అనిపించాయి.

పాల్‌లో నాకు ప్రాణమైనది పక్కకు జరగడం. బటన్ పట్టి ఉంచితే చాలు, ముక్క సెకనుకు పన్నెండున్నర గళ్లు జరుగుతుంది. అమెరికాలో పదే. అందుకే 19లో కూడా కింద ఖాళీ ఉంటే ముక్క అంచు దాకా చేరుతుంది. 18 లోపు ఆ సుఖం స్కోరుకు కూడా కొంత కలిసొస్తుందేమో, బామ్మర్దికి చెప్పలేదు గానీ. పైగా దానికి అలవాటు పడ్డ వేళ్లతో అమెరికా ఆట ఆడితే ప్రతి ముక్కా రెండు గళ్లు ఇవతలే ఆగుతుంది.

నాలాగా బటన్ పట్టి ఆడేవాళ్లు, రాత్రి పిల్లలు పడుకున్నాక ఒక్క ఆటతో సరిపెట్టుకునేవాళ్లు పాల్ తీసుకోండి. చకచకా నొక్కగల వేళ్లుంటే అమెరికాదే నయం. 2023లో 13 ఏళ్ల విల్లిస్ గిబ్సన్ 157వ లెవెల్ దాకా వెళ్లి ఆటనే ఆగిపోయేలా చేసింది అందులోనే. మా ఇద్దరికీ ఇప్పుడు ఒక షరతు ఉంది: స్కోరు ఫొటోతో పాటు సెట్టింగ్ ఫొటో కూడా పంపాలి. దసరా తర్వాత వాడి నుంచి ఇంకా ఏదీ రాలేదు.