లేజర్‌జెట్ 1020ను లినక్స్‌పై ఏడేళ్లు నడిపాక

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో, ఒక సందులో నాకు చిన్న డీటీపీ, జిరాక్స్ దుకాణం ఉంది. అక్కడ ఏడేళ్లుగా హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ప్రింటరును, విండోస్‌కు బదులు వాడే ఉచిత వ్యవస్థ లినక్స్ మీదే నడుపుతున్నాను. 2005లో బజారులోకి వచ్చిన నమూనా ఇది, నేను కొన్నదీ పాతదే. నిమిషానికి 14 ఎ4 పేజీలు తీస్తుంది. 12ఎ టోనరు ఒకటి, కంపెనీ లెక్క ప్రకారం, 2000 పేజీలకు వస్తుంది. అచ్చు గురించి చెప్పవలసింది పెద్దగా లేదు, 10 పాయింట్ల అక్షరాలలో కూడా తెలుగు ఒత్తులు అలుక్కుపోకుండా పడతాయి. చెప్పవలసిందంతా దాని మతిమరుపు గురించే.

ఈ ప్రింటరు తన ఫర్మ్‌వేర్‌ను, అంటే తనను నడిపించే లోపలి ప్రోగ్రామును, తనలో దాచుకోదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటరే ‘ఎస్‌ఐహెచ్‌పీ1020.డీఎల్’ అనే చిన్న ఫైలును యూఎస్‌బీ కేబుల్ గుండా పంపాలి, అది చేరేవరకు ఎన్ని పేజీలు పంపినా ఉలుకూ పలుకూ ఉండదు. విండోస్‌లో డ్రైవరే ఆ పని కానిచ్చేస్తుంది కాబట్టి ఈ సంగతి చాలామందికి తెలియదు. నేను లినక్స్‌కు మారిన వారంలో కాగితం రాక మెకానిక్కును పిలిస్తే, ఆయన మూత తీసి చూసి, “బోర్డు పోనాది బాబూ, కొత్తది తీసుకో” అని తేల్చేశాడు. బోర్డుకు ఏ జబ్బూ లేదు. యూఎస్‌బీకి తగిలించిన పరికరాలను చూపే ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ’ ఆదేశం కొడితే 03ఎఫ్0:2బి17 అనే గుర్తింపు సంఖ్యతో ప్రింటరు చక్కగా కనబడుతూనే ఉంది.

మొదట లినక్స్ కోసం హెచ్‌పీ ఇచ్చే డ్రైవరు, హెచ్‌ప్లిప్ వాడాను. ఫర్మ్‌వేర్ అందులో నేరుగా ఉండదు, ప్లగిన్ రూపంలో విడిగా దించుకోవాలి. పైగా ఆ ప్లగిన్ వెర్షను, హెచ్‌ప్లిప్ వెర్షను ఒకటే కావాలి. ఆ నియమం తెలిసి కూడా హాల్ టికెట్ల రద్దీ ఉన్న రోజు పొద్దున్నే సిస్టమ్ అప్‌డేట్ కొట్టి, మధ్యాహ్నం దాకా పిల్లలను పక్క దుకాణానికి పంపినవాణ్ణి నేనే. ఆ తరువాత ఫూటూజెడ్‌జేఎస్ డ్రైవరుకు మారాను. ఇది పేజీని ఆ ప్రింటరుకు అర్థమయ్యే జెడ్‌జేస్ట్రీమ్ రూపంలోకి మారుస్తుంది. ఫర్మ్‌వేర్ ఫైలు ఒకసారి డిస్కులో చేరితే మళ్లీ ఇంటర్నెట్‌తో పని లేదు. ఆ ఫైలును ‘క్యాట్’ ఆదేశంతో నేరుగా ప్రింటరుకు గుర్తుగా లినక్స్ చూపే పరికరం ఫైలులోకి పంపినా చాలు, ఒక్క క్షణం ఆగి లోపలి మోటారు “గర్ర్” మని తిరిగి సద్దుమణుగుతుంది. ఆ శబ్దం వినబడితే ఫర్మ్‌వేర్ ఎక్కినట్లే.

చేత్తో పంపడం సులువే, కానీ దుకాణంలో అది కుదిరే పని కాదు. లేజర్ ప్రింటరు లోపలి హీటరు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి దాన్ని చిన్న యూపీఎస్‌కు తగిలించకూడదు. అందువల్ల కరెంటు పోయినప్పుడు కంప్యూటరు వెలుగుతూనే ఉంటుంది, ప్రింటరు మాత్రం ఆగిపోయి, తిరిగి వచ్చేసరికి అంతా మరచిపోయి ఉంటుంది. కంప్యూటరు మొదలయ్యేటప్పుడు ఫర్మ్‌వేర్ పంపే స్క్రిప్టు రాసుకొని నెల రోజులు మురిసిపోయాను గాని, గాలివానకు రోజుకు నాలుగుసార్లు కరెంటు పోయే మా ఊళ్లో అది ఉన్నా లేనట్టే. ప్రింటరు యూఎస్‌బీ మీద మళ్లీ కనబడిన క్షణాన్ని పట్టుకోవాలి, ఆ పని లినక్స్‌లో పరికరాల రాకపోకలను గమనించే యూడెవ్‌ది. యూడెవ్ నియమం నుంచి నేరుగా నడిపించే పని చిటికెలో ముగియాలి, కాసేపు ఆగి చేసే పని ఏదైనా ఉంటే దాన్ని మధ్యలోనే తుంచేస్తుంది. అందుచేత నియమంలో, తెర వెనుక పనులను నడిపించే సిస్టమ్‌డీ సర్వీసును పిలిపించి, ఫర్మ్‌వేర్ పంపడాన్ని ఆ సర్వీసుకు అప్పగించాను. పంపేముందు ప్రింటరు ఇచ్చే గుర్తింపు వాక్యంలో ‘ఎఫ్‌డబ్ల్యూవీఈఆర్’ అన్న మాట ఉందేమో చూస్తుంది, ఉంటే ఫర్మ్‌వేర్ అప్పటికే ఎక్కి ఉన్నట్లు లెక్క, మళ్లీ పంపదు.

ఇంత చేసినా అప్పుడప్పుడు మొరాయించేది, కారణం పట్టుకోవడానికి నాకు ఒక వర్షాకాలం పట్టింది. కరెంటు పోయినప్పుడు క్యూలో పని మిగిలి ఉంటే, ప్రింటరు తిరిగి కనబడగానే ఫర్మ్‌వేర్ కంటే ముందు, లినక్స్‌లో అచ్చు పనుల క్యూను చూసుకునే కప్స్ దాని మీద చేయి వేసేది. కప్స్ లిబ్‌యూఎస్‌బీ అనే లైబ్రరీ ద్వారా ప్రింటరుతో నేరుగా మాట్లాడుతుంది కాబట్టి, ఆ పరికరం ఫైలును చూపించే యూఎస్‌బీఎల్‌పీ మాడ్యూలును పక్కకు తప్పించేది, నా స్క్రిప్టు వెతుకుతున్న పరికరం ఫైలే మాయమయ్యేది. దీనికి మందు కరెంటు వచ్చినప్పుడు కాదు, పోయినప్పుడు వేయాలని తట్టింది. ప్రింటరు ఊడిపోయిన ఘటనను కూడా యూడెవ్ చెబుతుంది. ఆ క్షణంలో ‘కప్స్‌డిజేబుల్’తో క్యూను ఆపి, తిరిగి వచ్చాక ఫర్మ్‌వేర్ పంపి, ఐదు సెకన్లు ఆగి, ‘కప్స్‌ఎనేబుల్’ చేస్తున్నాను. ఊడిపోయిన పరికరానికి మామూలు లక్షణాలు దొరకవు కాబట్టి ఆ నియమంలో ‘ప్రోడక్ట్’ అనే విలువను 3ఎఫ్0/2బి17తో పోల్చుకోవాలి, 3కు ముందున్న సున్నా అక్కడ ఉండదు. ఆ సున్నా నాకు రెండు సాయంత్రాలు తినేసింది.

ఆనాటి నుంచి ఫర్మ్‌వేర్ కోసం నేను కీబోర్డు ముట్టలేదు. కరెంటు వస్తుంది, మోటారు గర్రుమంటుంది, ఆగిన పని మొదలవుతుంది. ఒక్క చిక్కు మాత్రం మిగిలింది: పని ఆగిన చోటి నుంచి కాక మొదటి పేజీ నుంచి మొదలవుతుంది. 40 పేజీల దస్తావేజులో 30వ పేజీ దగ్గర కరెంటు పోతే లోపల ఇరుక్కున్న కాగితాన్ని మెల్లగా లాగి, క్యూలోని పనిని రద్దు చేసి, మిగిలిన పేజీలను మళ్లీ పంపాలి. అందుకని ఆకాశం మబ్బు పట్టిన రోజున పెద్ద దస్తావేజులను పదేసి పేజీల చొప్పున పంపుతున్నాను.